సోఫుబి కైజూ బొమ్మలో ఏం చూడాలి? పోత, రంగు, అరికాలి ముద్ర, కీళ్ళు

తోకచుక్క అడుగుతున్నారు:

ఇంజెక్షన్ ప్లాస్టిక్ ఫిగర్లకి అలవాటుపడ్డ కంటికి జపాన్ సోఫుబి (మెత్తటి వినైల్) కైజూలు, అంటే రాక్షసుల బొమ్మలు, అంత తొందరగా అంతుపట్టవు. ఆ ఫిగర్లలో వేలి గోరు మీద గీత కూడా లెక్కే. ఇక్కడ ముఖం సగం కరిగినట్టుంటుంది, రంగు నాలుగు స్ప్రే దెబ్బలు, అయినా కొన్నింటికి జనం ఎగబడతారు, కొన్నింటిని తాకరు. ఆ తేడా దేన్ని బట్టి?

చూస్తున్నవి రెండు. ఒకటి ఇప్పటి చిన్న తయారీదారుది, ఆకుపచ్చ పారదర్శక వినైల్, రంగు వేయనిది, ఎత్తు సుమారు 23 సెం.మీ. దాని కొమ్ము చివర చిన్న బుడగ ఉంది, తోక పొడవునా సన్నటి గీత ఉంది. ఇవి లోపాలేనా? రెండోది యాహూ ఆక్షన్స్ జపాన్‌లో ఉన్న, బుల్‌మార్క్ అనే పాత జపాన్ కంపెనీ కైజూ. ఆకుపచ్చ, వెండి స్ప్రే, ఎడమకాలు కాస్త లోపలికి వాలింది. రంగు అసలుదా, తర్వాత ఎవరైనా వేసిందా అనేది ఫొటోల్లో ఎలా పట్టుకోవాలి? అమ్మేవారిని ఇంకే ఫొటోలు అడగాలి?

కీళ్ళు విప్పడం గురించి, జిగట గురించి కూడా చెప్పండి. ఎక్కడ చదివినా ఒకరు వేడినీళ్ళంటారు, ఒకరు వద్దంటారు.

---

అచ్చుగది:

తోకచుక్క గారూ, పోత ఎలా పోస్తారో తెలిస్తే మీ ప్రశ్నల్లో సగం వాటంతటవే తేలిపోతాయి. సోఫుబి మీద కనిపించే ప్రతి గుర్తూ ఏదో ఒక దశలో పడిందే.

శిల్పి మట్టితోనో పాలిమర్ క్లేతోనో మూలబొమ్మ చేస్తాడు. దాన్ని తల, మొండెం, చేతులు, కాళ్ళు, తోకగా విడగొట్టి సిలికాన్ అచ్చు తీసి, అందులో మైనం పోస్తారు. ఆ మైనపు ముక్కల మీద గీతలు చెక్కి, అంచులు సరిచేసి, కీళ్ళు అమరేలా దిద్దుతారు. తర్వాత మైనానికి కరెంటు పారే పూత పూసి, రాగి స్నానంలో వేలాడదీసి, మీద రాగి పెరిగేలా చేస్తారు. పొర తగినంత మందమయ్యాక మైనాన్ని కరిగించి తీసేస్తే మిగిలేది లోపల బోలుగా ఉన్న లోహపు అచ్చు. ముఖ్యమైన సంగతి, ఈ అచ్చు రెండు చెక్కలుగా విడిపోదు. ఒకే ముక్క, దానికి ఒకటే నోరు.

అందులో గరిటెజారుగా ఉండే ద్రవ వినైల్, అంటే ప్లాస్టిసాల్, నింపుతారు. గాలి పోయేలా తిప్పడమో, వాక్యూమ్ పెట్టడమో చేసి, 200 డిగ్రీల దరిదాపుల్లో కాగుతున్న నూనెలో అచ్చుని ముంచుతారు. లోహానికి తగిలిన వినైల్ ముందు గడ్డకట్టి గోడలా నిలుస్తుంది. మధ్యలో ద్రవంగా మిగిలినదాన్ని ఒంపేసి, గోడ పూర్తిగా ఉడకడానికి మళ్ళీ ముంచుతారు. తర్వాత నీళ్ళలో కాస్త చల్లార్చి, ఇంకా వేడిగా, మెత్తగా ఉండగానే పట్టకారుతో నోట్లోంచి లాగేస్తారు. లోపల లావుగా, నోటి దగ్గర సన్నగా ఉన్న భాగం కూడా ముడుచుకుని బయటికొస్తుంది, వచ్చాక మళ్ళీ తన ఆకారానికి తెరుచుకుంటుంది. ఈ ముడుచుకోవడానికి ఒక హద్దుంది. శిల్పం ఆ హద్దుకి లోబడాలి. కైజూ బొమ్మల మెడలు, భుజాలు, తొడలు అంత లావుగా, ఏ అవయవానికి ఆ అవయవం గుండ్రంగా ఉండటానికి పెద్ద కారణం ఇదే. అందుకే మంచి సోఫుబి శిల్పంలో మొదట చూడాల్సింది కోత ఎక్కడ పెట్టారన్నది. చేతి మడతలోనో పొలుసుల వరసలోనో కీలు దాక్కుందంటే శిల్పి ముందే ఆలోచించాడని అర్థం. నున్నటి పొట్ట మీద అడ్డంగా కీలు కనిపిస్తోందంటే తర్వాత నరికారని అర్థం.

ఇక మీ తోక మీద గీత. అచ్చు ఒకే ముక్క కాబట్టి పోతలో అతుకు గీత పడటానికి వీల్లేదు. మైనపు ముక్కని రెండు చెక్కల సిలికాన్ అచ్చులోంచి తీసినప్పుడు పడ్డ అతుకుని పూర్తిగా గీకకపోతే అది రాగిలోకి, అక్కణ్ణుంచి ప్రతి పోతలోకి వస్తుంది. అదే బొమ్మ వేరే రంగుల్లో వచ్చిన ఫొటోలు వెతికి చూడండి. గీత అన్నింటిలో అదే చోట ఉంటే అది అచ్చు లక్షణం, మీ ముక్క లోపం కాదు. గీతకి రెండువైపులా రంగు గానీ మందం గానీ మారితే మాత్రం అది చీలి అతికించింది అయ్యుండొచ్చు, ఒత్తి చూపించమనండి.

కొమ్ము చివరి బుడగ వేరే సంగతి. సన్నటి మొనల్లో గాలి ఇరుక్కుని, ప్లాస్టిసాల్ చివరిదాకా పోలేక అలా అవుతుంది. మొన లోపల బుడగ పూర్తిగా మూసుకుని ఉంటే ఇబ్బంది లేదు. పారదర్శక వినైల్లో ఇలాంటివి దాచడం కుదరదు కాబట్టి కొన్ని సహజంగానే కనిపిస్తాయి. బుడగ పైపొర చిట్లి గుంటగా తెరుచుకుంటే దాని అంచు రోజులు గడిచేకొద్దీ ఊడిపోతుంది.

అసలు చూడాల్సింది ఉడుకు. పారదర్శక, తెలుపు వినైళ్ళలో ఎక్కువ ఉడికిన చోట పసుపు, గోధుమ ఛాయ వస్తుంది. అది ఎక్కడైనా మచ్చలా ఉందేమో చూడండి. తక్కువ ఉడికిన పోత బయటికి బాగానే కనిపిస్తుంది గానీ వంచితే తెల్లబడుతుంది, కీలు పెదవి, అంటే అవయవాన్ని మొండెం రంధ్రంలో పట్టి ఉంచే అంచు, దగ్గర చిరుగుతుంది. ఇది ఫొటోలో తెలియదు, అందుకే కొత్త తయారీదారు అయితే ఆ బొమ్మ ఇదివరకు కొన్నవాళ్ళు కీళ్ళ గురించి ఏమన్నారో చూడటం మేలు. గోడ మందం కూడా ముఖ్యమే. కాళ్ళు మందంగా, తల పలచగా ఉన్న పోత నిలబడుతుంది. తల మందంగా, కాళ్ళు పలచగా ఉంటే రెండేళ్ళలో ముందుకి వాలుతుంది.

రంగు గురించి నా పక్షపాతం చెప్పేస్తాను. వినైల్ రంగే మొదటి రంగు. నీలం వినైల్ మీద వెండి దుమ్ములా చల్లి, వీపున ముదురు ఆకుపచ్చ ఒక్క దెబ్బ వేసి వదిలేసిన బొమ్మ, అణువణువూ మూసేసి ఏడు రంగులేసిన బొమ్మ కన్నా ఎక్కువ పలుకుతుంది. మూసేస్తే అది వినైలో, రెజినో తేడా ఉండదు. స్ప్రే అంచు ఎక్కడ మొదలై ఎక్కడ కరిగిపోయిందో, కింది రంగు ఎంత వదిలారో చూడండి. కళ్ళకి మాస్క్, అంటే రంగు పడకూడని చోటుని మూసే మూత, వాడితే అంచు పదునుగా ఉంటుంది, చేత్తో పెడితే రెండు కళ్ళకీ చిన్న తేడా ఉంటుంది. ఆ తేడా వల్ల చూపు తిన్నగా లేకపోయినా, రాక్షసుడికి అది నప్పుతుంది.

---

పాతఅడుగు:

అచ్చుగది గారు పోత గురించి చెప్పారు కాబట్టి బుల్‌మార్క్ సంగతికొస్తాను.

కాలక్రమం గుర్తుంటే చాలా మోసాలు ముందే దొరుకుతాయి. 1966 జనవరిలో అల్ట్రా క్యూ, జులైలో అల్ట్రామాన్ టీవీలో మొదలయ్యాయి. ఆ ఊపులో మారుసాన్ అనే బొమ్మల కంపెనీ కైజూ వినైళ్ళు తెచ్చింది. 1968లో మారుసాన్ దివాళా తీశాక అక్కడ పనిచేసినవాళ్ళే 1969లో బుల్‌మార్క్‌గా మళ్ళీ మొదలుపెట్టారు. పాత అచ్చుల్లో కొన్ని వాళ్ళ చేతికొచ్చాయి. అందుకే ఒకే శిల్పం మారుసాన్ పేరుతోనూ, బుల్‌మార్క్ పేరుతోనూ దొరుకుతుంది. బుల్‌మార్క్ 1977లో మూతపడింది. ఆ తర్వాత దశాబ్దాల్లో ఆ పాత శిల్పాల పునరుత్పత్తులు అధికారికంగానే చాలా వచ్చాయి. అవి నకిలీలు కావు, మంచి బొమ్మలే, కానీ పాతవాటి ధర పెట్టాల్సినవి కావు. అమ్మేవారు కావాలని దాచకపోయినా, ‘పాత బొమ్మ’ అని మాత్రమే రాసి ఊరుకుంటారు.

కాబట్టి మొదట అడగాల్సిన ఫొటో రెండు అరికాళ్ళది, పక్కనుంచి వెలుగు పడేలా తీసింది. ఎదురుగా ఫ్లాష్ వేస్తే ముద్ర కనిపించదు. కంపెనీ గుర్తు, హక్కుదారు పేరు, అంటే అల్ట్రా రాక్షసులైతే త్సుబురాయా, గాడ్జిల్లా బృందమైతే తోహో, ఈ రెండూ ఉన్నాయా, అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా చూడండి. పునరుత్పత్తుల్లో తరచు ఇంకో గుర్తో, సంవత్సరమో అదనంగా కనిపిస్తుంది. అక్షరాలు కరిగినట్టుంటే అది పోత మీంచి మళ్ళీ అచ్చు తీసిన నకలు కావచ్చు.

నకలుకి ఇంకో ఆనవాలు పరిమాణం. వినైల్ చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, కాబట్టి పోత మీంచి తీసిన అచ్చులో పోసినది అసలు కన్నా చిన్నదవుతుంది. 23 సెం.మీ. బొమ్మలో తేడా కొన్ని మిల్లీమీటర్లే. ఎత్తు కొలిచి పోల్చడం దండగ, ఎందుకంటే కాళ్ళు వాలినా, తల కాస్త లోపలికి దిగినా ఎత్తు మారిపోతుంది. అరికాలి పొడవు, రెండు కళ్ళ మధ్య దూరం కొలిచి పంపమనండి. ఈ రెండూ వాలవు.

రంగు అసలుదా కాదా అనేది అరుగుదల చెబుతుంది. యాభై ఏళ్ళ కిందట పిల్లలు ఆడుకున్న బొమ్మ ముక్కు, గోళ్ళు, మోకాళ్ళు, తోక చివర, తల పైభాగం దగ్గర అరగాలి. అవన్నీ నిండు రంగుతో ఉండి, పొలుసుల మధ్య సందుల్లో మాత్రం పాత మురికి కనిపిస్తే అనుమానించండి. మురికిని కప్పుతూ దాని మీద రంగు పడిందంటే తర్వాత వేసిందే. గీత పడ్డ చోట గీత లోపల కూడా రంగు ఉంటే అదీ అంతే. అల్ట్రావయొలెట్ టార్చి కింద తీసిన ఫొటో దొరికితే మంచిది. తర్వాత దిద్దిన రంగు తరచుగా వేరే మచ్చలా తేలుతుంది.

చేయి ఒకటి విప్పి కీలు పెదవి చూపించమని అడగడం మాత్రం పాత బొమ్మ విషయంలో వద్దు. చలికాలంలో గట్టిపడ్డ పాత వినైల్‌ని లాగితే పెదవి చిరుగుతుంది, ఆ పాపం మీదవుతుంది. దానికి బదులు ‘చేతులు తిరుగుతాయా, వదులుగా ఉన్నాయా, జిగురు ఆనవాలుందా’ అని అడగండి. తోక ఆ బొమ్మదేనా అన్నది కూడా. తోకలు తేలిగ్గా ఊడి పోతాయి, వేరే బొమ్మ తోక తగిలించి అమ్మడం మామూలే. వినైల్ ఛాయ మొండెంతో కలవాలి. స్ప్రే కలిసినా లోపలి రంగు కలవకపోతే అది అరువు తోక.

జపనీస్ వివరణలో ‘జంకు’ (పాడైన సరుకు) అనో, ‘నో క్లెయిమ్ నో రిటర్న్’ అనో ఉంటే తర్వాత గొడవపడి లాభం లేదు, ఫొటోలో లేనిదాన్ని లేనట్టే లెక్కవేసి బిడ్ పెట్టండి. సంచి, దాని మూతికి స్టేపుల్ కొట్టే అట్ట, అంటే హెడర్ కార్డు, ఉన్నవాటి ధర వేరు. కానీ స్టేపుల్ రంధ్రాలు రెండు జతలుంటే కార్డు ఒకసారి తీసి మళ్ళీ కొట్టినట్టు.

---

తోకచుక్క:

ఇద్దరికీ ధన్యవాదాలు. పారదర్శక బొమ్మ మిగతా రంగుల్లో కూడా తోక మీద అదే చోట గీత ఉంది, కాబట్టి అది తేలిపోయింది. బుల్‌మార్క్ అరికాలి ఫొటో అడిగాను.

వాలిన కాలు సంగతి, జిగట సంగతి ఇంకా మిగిలాయి. అలాగే రంగు వేయని బొమ్మకి తర్వాత ఎవరైనా రంగు వేస్తే ఏ రంగు పనికొస్తుంది?

---

వేడినీళ్ళగిన్నె:

వాలిన కాలుకి మందు వేడే, కానీ ఎంత వేడి, ఎంతసేపు అన్నది రంగుని బట్టి.

వినైల్‌కి ఒక మంచి గుణం ఉంది. పోసినప్పటి ఆకారం దానికి గుర్తుంటుంది. రవాణాలో నొక్కుకుపోయిన తల గానీ, నెమ్మదిగా వాలిన కాలు గానీ వేడి తగిలితే చాలావరకు తనే వెనక్కి వస్తుంది. మీరు చేయాల్సింది దానికి దారి ఇవ్వడం, చల్లారేదాకా పట్టుకోవడం.

రంగు లేని బొమ్మైతే 70 నుంచి 80 డిగ్రీల నీళ్ళు. మరుగుతున్న నీళ్ళు వద్దు. పొయ్యి మీద గిన్నెలో బొమ్మ వేసి కాచడం అసలే వద్దు, అడుగు తగిలిన చోట వినైల్ నిగనిగలాడుతూ చదునైపోతుంది. నీళ్ళు వేరే పాత్రలోకి ఒంపి, థర్మామీటరు పెట్టి చూసి, కాలుని రెండు మూడు నిమిషాలు ముంచండి. బయటికి తీసి, సమతలం మీద బొమ్మని నిలబెట్టి, కాస్త ఎదురు దిక్కుకి ఎక్కువ వంచి పట్టుకుని, అలాగే చల్లటి నీళ్ళలోకి దించండి. అందులో కనీసం అయిదు నిమిషాలు. పైన చల్లగా అనిపించినా మందమైన అరికాలు లోపల వేడిగానే ఉంటుంది, తొందరపడి వదిలేస్తే మళ్ళీ వాలుతుంది. చాలామందికి ‘వేడినీళ్ళు పనిచేయలేదు’ అనిపించేది ఇక్కడే.

రంగు ఉన్న పాత బొమ్మైతే 60 దాటకండి. ముందు కనిపించని చోట, అంటే తోక కింద, తడి దూదితో రుద్ది రంగు రాలుతుందేమో చూడండి. రాలితే నీళ్ళు మానేసి, కీలు విప్పి వెనకవైపు నుంచి, అంటే కాలు లోపలికి, హెయిర్ డ్రయర్ గాలి పంపండి. రంగు బయట ఉంది, వేడి లోపల్నుంచి వెళ్తుంది.

కీలు విప్పడం: భుజం చుట్టూ, చేయి మీదే కాకుండా మొండెం రంధ్రం అంచు కూడా వేడెక్కాలి. డ్రయర్‌ని 10, 15 సెం.మీ. దూరంలో ఆడిస్తూ ఒకటి రెండు నిమిషాలు. నొక్కితే అంచు తేలిగ్గా లొంగాలి. తిన్నగా లాగకండి. చేయిని ఒక పక్కకి వంచితే ఎదురు పక్క పెదవి కాస్త బయటికి తొంగిచూస్తుంది, అక్కణ్ణుంచి తిప్పుతూ తీయాలి. పెట్టేటప్పుడు పెదవి ఒక పక్క ముందు దూర్చి, మిగతాది చెంచా కాడ లాంటి మొద్దు వస్తువుతో లోపలికి తోయాలి. స్క్రూడ్రైవరు వాడితే అంచు తెగుతుంది. విప్పిన ప్రతి భాగాన్నీ లోపల తడి లేకుండా నోరు కిందికి పెట్టి ఆరబెట్టండి. మూసిన తల లోపల నీళ్ళు మిగిలితే వాసన వదలదు.

వాలుడు మళ్ళీ రాకుండా కాళ్ళలో పాలియెస్టర్ దూది గట్టిగా కూరితే చాలు. ఇసుక పోస్తే బరువు అరికాలి మీదికి దిగి స్థిరంగా ఉంటుంది గానీ ఎక్కడో ఒకచోట కారుతుంది. పాలీస్టైరిన్ పూసలు, అంటే థర్మోకోల్ గింజలు, వేయకండి. వినైల్లోంచి వచ్చే ప్లాస్టిసైజర్ వాటిని కరిగించి లోపల బంకలా అతికిస్తుంది. కుర్చీల్లో వాడే పాలీయురెథేన్ ఫోమ్ కొన్నేళ్ళకి పొడై, జిగటై చెడుతుంది.

జిగట కూడా ఆ ప్లాస్టిసైజరే. వినైల్‌ని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం కొద్దికొద్దిగా పైకి వస్తుంది. సంచిలో ఏళ్ళ తరబడి మూసి ఉంచిన బొమ్మల్లో ఎక్కువ, ఎందుకంటే వచ్చింది అక్కడే నిలుస్తుంది. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు, మెత్తటి టూత్‌బ్రష్. పొలుసుల దిక్కున రుద్ది, బాగా కడిగి, మెత్తటి గుడ్డతో ఒత్తి, నీడలో ఒక రోజు ఆరనివ్వండి. థిన్నరు, అసిటోను దగ్గరికి రానీయొద్దు. స్పిరిట్ రంగుని లేపుతుంది. కొన్ని నెలలకి జిగట మళ్ళీ తేలితే మళ్ళీ అంతే, అంతకన్నా గట్టి మందు లేదు. వారం వారం కడగడం కూడా మంచిది కాదు.

---

వెలుగుముద్ద:

పైన చెప్పినదానికి ఒక సవరణ. డ్రయర్ గాలి కాలు లోపలికి పంపడం బాగానే ఉంది గానీ పాత బొమ్మ తలకి అలా చేయొద్దు. ముఖం గోడ పలచగా ఉంటుంది, ముక్కు కొన ముందు మెత్తబడి లోపలికి కుంగుతుంది. తలకి గోరువెచ్చని నీళ్ళే నయం.

అలాగే జిగటకి టాల్కం పౌడరు చల్లమనే సలహా ఎక్కడైనా కనిపిస్తే, నున్నటి బొమ్మకి సరే. కైజూ పొలుసుల్లో చిక్కి తెల్లగా మిగిలిపోతుంది, నలుపు వినైల్ మీద మరీను.

బొమ్మలు పెట్టే చోటు గురించి ఎవరూ చెప్పలేదు. వార్నిష్ కొట్టిన చెక్క అర మీద ఏళ్ళ తరబడి పెడితే అరికాళ్ళు వార్నిష్‌కి అతుక్కుంటాయి, పైకి తీస్తే వార్నిష్ కూడా వస్తుంది. కింద గాజు పలక గానీ, పాలియెస్టర్ షీటు గానీ వేయండి. పాలీస్టైరిన్ డబ్బాల్లో నేరుగా పెట్టకండి. తెల్ల బొమ్మని ఎరుపు, నలుపు బొమ్మలకి ఆనించొద్దు. రంగు వినైల్లోంచి వినైల్లోకి పాకుతుంది, ఆ మచ్చ సబ్బుతో పోదు. పార్సెల్లో వార్తాపత్రిక చుట్టి వస్తే వెంటనే విప్పండి, అక్షరాలు బొమ్మ పొట్ట మీద అచ్చవుతాయి. రంగు లేని తెల్ల వినైల్ మీద పడ్డ సిరా మచ్చకి, మొటిమలకి వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ 10 శాతం క్రీము రాసి ఎండలో పెట్టే పద్ధతి ఉంది. పనిచేస్తుంది, కానీ చుట్టూ ఉన్న వినైల్‌ని కూడా తెల్లబరుస్తుంది, స్ప్రే మీద పడితే రంగు పోతుంది. పాత బొమ్మకి అస్సలు వద్దు.

చీకట్లో వెలిగే వినైల్ కొంటే ఒక మాట. పాత రకంలో జింక్ సల్ఫైడ్, వెలుగు కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. 1990ల నుంచి వచ్చిన స్ట్రాన్షియం అల్యూమినేట్ చాలాసేపు వెలుగుతుంది. ‘పాతది’ అని అమ్మే మెరుపు బొమ్మ దీపం ఆర్పాక గంటల తరబడి వెలుగుతూనే ఉంటే దాని వయసు మీద అనుమానం పెట్టుకోవచ్చు. మెరుపు వినైల్ మీద రంగు వేసినచోట వెలుగు రాదు, దాన్నే వాడుకుని చీకట్లో అస్థిపంజరంలా కనిపించేలా స్ప్రే వేసేవాళ్ళున్నారు. కొనేముందు దీపం ఆర్పి తీసిన ఫొటో కూడా చూడండి.

---

అచ్చుగది:

రంగు ప్రశ్న మిగిలింది కదా. వినైల్ రంగులే వాడాలి. జపాన్‌లో సోఫుబివాళ్ళు ఎక్కువగా పేరు చెప్పేది వి-కలర్, అమెరికా వైపు మాన్‌స్టర్ కలర్. ఈ రంగుల్లోని సాల్వెంట్ వినైల్ పైపొరని కొద్దిగా కొరికి దాంతో కలిసిపోతుంది, అందుకే వంచినా ఊడదు. మోడల్ కిట్లకి వాడే ఎనామిల్ వేస్తే ప్లాస్టిసైజర్ దాన్ని ఎప్పటికీ ఆరనివ్వదు, ఏడాది తర్వాత కూడా వేలికి అంటుతుంది. నీటి అక్రిలిక్ ఆరుతుంది గానీ చేయి తిప్పిన చోట పొరలుగా లేస్తుంది. మామూలు లాకర్ పెయింట్ వంగినచోట పగులుతుంది.

ముందు సబ్బునీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. పోతలో మిగిలిన నూనె, ప్లాస్టిసైజర్ మీద ఏ రంగూ నిలవదు. ఎయిర్‌బ్రష్‌కి రంగు పాలలా జారేదాకా దాని సొంత థిన్నరుతోనే పలచన చేయండి. ఒకేసారి తడిసేలా కొట్టకూడదు. తడిస్తే సాల్వెంట్ గుంటల్లో నిలిచి వినైల్‌ని ఉబ్బిస్తుంది, సన్నటి గీతలు మూసుకుపోతాయి. దుమ్ములా చల్లి, ఆరనిచ్చి, మళ్ళీ చల్లాలి. కిటికీలు తెరిచి, ఆర్గానిక్ ఆవిరికి పనిచేసే మాస్క్ పెట్టుకోవాలి, దుమ్ము మాస్క్ చాలదు. కీళ్ళ దగ్గర రంగు ఆరకముందే చేయి తిప్పితే మొండెం, చేయి ఒకదానికొకటి అతుక్కుంటాయి. విప్పి విడిగా వేసుకోవడమే సుఖం.

ఆకుపచ్చ పారదర్శక బొమ్మకి మాత్రం నిండు రంగులు వేయకండి, ఆ వినైల్ కొన్న లాభం పోతుంది. వీపున ముదురు నీలమో, ముదురు ఆకుపచ్చో పారదర్శక రంగు, గోళ్ళకీ పళ్ళకీ బంగారం, అక్కడితో ఆపితే వెనక నుంచి వెలుగు వచ్చినప్పుడు గోడ మందం తేడాలు కూడా కనిపిస్తాయి.

---

పాతఅడుగు:

తోకచుక్క గారూ, పంపిన అరికాలి ఫొటో చూశాను. కుడికాలి మీద బుల్‌మార్క్ గుర్తు స్పష్టంగా ఉంది, ఎడమకాలి మీద హక్కుదారు పేరు ఉంది, అదనపు సంవత్సరం లేదు. అక్షరాల మూలలు పదునుగానే ఉన్నాయి. ముక్కు, మోకాళ్ళ దగ్గర వెండి అరిగి కింది వినైల్ కనిపిస్తోంది, బాగుంది. తోక మాత్రం సందేహం. తోక మొదట్లో స్ప్రే చేరని చోట వినైల్ మొండెం కన్నా ఒక ఛాయ పసుపు. ఎండ ఒకవైపే తగిలినా అలా అవుతుంది, కాబట్టి తోక తిప్పి కింది భాగం ఫొటో ఇంకొకటి అడగండి. కింది భాగం కూడా పసుపైతే అది వేరే బొమ్మ తోక, ధర అందుకు తగ్గట్టు చూసుకోండి.

ఇంకొకటి. పారదర్శక బొమ్మ తయారీదారు తర్వాతి విడతలు లాటరీ పద్ధతిలో అమ్మితే దరఖాస్తు గడువు తరచు ఒక్కరోజే ఉంటుంది, జపాన్ సమయంలో. చిబాలోని మకుహరి మెస్సేలో చలికాలం, వేసవి జరిగే వండర్ ఫెస్టివల్ అనే బొమ్మల మేళాలో పెట్టే వాటిల్లో, ప్రసిద్ధ పాత్రల మీద ఔత్సాహికులు చేసినవి ఆ రోజుకి, ఆ వేదికకి మాత్రమే ఇచ్చే అనుమతితో అమ్ముతారు. తర్వాత తయారీదారుని అడిగినా ఇవ్వడానికి ఆయనకి హక్కు ఉండదు. అలాంటిది కావాలంటే టోక్యోలోని నకనో బ్రాడ్‌వే దుకాణ సముదాయంలాంటి చోట్ల పాత సరుకుగా దొరకాలి. అక్కడైతే చేతిలోకి తీసుకుని కీళ్ళు తిప్పి చూసుకోవచ్చు, ముందు అడిగి.